కారు టైరు గుర్తులు: ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట దారుల్లో

కారు టైరు పక్కభాగం మీద అచ్చుపోసిన అంకెలు, అక్షరాలు దాని కొలతనూ, మోయగల బరువునూ, తట్టుకోగల వేగాన్నీ, తయారైన కాలాన్నీ తెలుపుతాయి. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, దుర్గం కొండ నీడనున్న ఉదయగిరిలోనూ, సోమశిల జలాశయానికి చేరువనున్న ఆత్మకూరులోనూ నడివేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. తారు రోడ్డు అంతకన్నా ఎక్కువగా కాలుతుంది. అందువల్ల ఇక్కడివారికి వేగపు అక్షరం కంటే బరువు, గాలి, తయారీ తేదీ ముఖ్యమైనవి.

చిన్న కార్లకు తరచుగా కనిపించే 165/80 ఆర్ 14 85 టి అనే గుర్తునే తీసుకుందాం. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మి.మీ. ఈ ఎత్తు తగ్గేకొద్దీ గుంతలో పడ్డప్పుడు దెబ్బ నేరుగా చక్రపు డిస్క్‌కు తగులుతుంది. కంకర తేలిన ఊరిదారుల్లో తిరిగే కారుకు, అందంగా ఉంటుందని పెద్ద డిస్క్, పలచని టైరు వేయించడం మంచిది కాదు. ఆర్ అంటే రేడియల్. 14 అంటే డిస్క్ వ్యాసం, అంగుళాల్లో.

85 అనేది బరువు సూచిక. అది కిలోల లెక్క కాదు, పట్టికలో చూసుకోవాల్సిన సంఖ్య. 85కు ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, 82కు 475 కిలోలే. అంటే నాలుగింటి మీద 160 కిలోల తేడా. పెళ్లికి ఇంటిల్లిపాదీ ఎక్కి, పైన క్యారియర్ మీద సామాను కట్టి బయలుదేరే కారుకు ఇది చిన్న తేడా కాదు. చివరి అక్షరం వేగానిది: ఎస్ అయితే గంటకు 180 కి.మీ., టి అయితే 190, హెచ్ అయితే 210. మన రోడ్లకు ఇవన్నీ అవసరాన్ని మించినవే.

పట్టికలో చెప్పిన బరువు, సరిపడా గాలి ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించే అలవాటు చాలామందికి ఉంది. అది ప్రమాదకరం. గాలి తగ్గితే పక్కభాగం ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగుడుతోనే లోపల వేడి పుడుతుంది. పేలడానికి దారి తీసేది ఎక్కువగా ఆ వేడే. కారు తయారీదారు చెప్పిన లెక్క సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర అంటించి ఉంటుంది. తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడు ఆ లెక్కకు గాలి పట్టించాలి. దూరం నడిచి వచ్చాక ఒత్తిడి పెరిగి కనిపిస్తే తీసేయకూడదు.

కొన్ని టైర్ల మీద అమెరికా పద్ధతి ప్రకారం వేడి తట్టుకునే తరగతి కూడా ఉంటుంది. ఏ అన్నిటికన్నా మేలు, సి అన్నిటికన్నా తక్కువ. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఐ గుర్తు తప్పక చూసుకోవాలి. గాడుల మధ్య టి.డబ్ల్యు.ఐ. అనే చిన్న గట్టు 1.6 మి.మీ. ఎత్తుంటుంది. రబ్బరు అరిగి దానితో సమానమైతే టైరు మార్చాలి, ఎందుకంటే వానలో నీళ్లు తప్పుకోవడానికి ఇక చోటుండదు.

పక్కభాగం మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివరనున్న నాలుగంకెలు తయారీ కాలం. 2319 అంటే 2019వ సంవత్సరంలో 23వ వారం. వాడకున్నా రబ్బరు గట్టిపడి సన్నని పగుళ్లు తేలుతాయి. డిక్కీలో ఏళ్ల తరబడి పడి ఉన్న స్టెప్నీకి గాడులు కొత్తగానే ఉంటాయి, దాని వయసు తెలిసేది ఈ నాలుగంకెల వల్లనే.