ఇంజను శోధనము: అంగశుద్ధి, అంగరక్షణముల చరిత్రము



మన కుటుంబములు పెక్కింట తండ్రియో, అన్నయో, మేనమామయో రైలు కార్ఖానాయందో, బస్సు డిపోయందో, బియ్యపుమిల్లునందో ఇంజనుపని చేసి సంసారము నడపినవాడే. ఇంజనును నిర్మించిన మేధావుల పేళ్లు పాఠ్యపుస్తకముల కెక్కినవి. దానిని విప్పి, కడిగి, తుడిచి, మరల కూర్చినవారి పేళ్లు హాజరుపట్టీని దాటి రాలేదు. ఆ కడుగుటయను పనికిని ఒక చరిత్ర కలదు. దానిని యథాశక్తి విన్నవింతును.

శోధనశబ్దము శుధ్ ధాతువునుండి పుట్టినది. శుద్ధిచేయుట దాని ముఖ్యార్థము. తెలుగున వెదకుట, పరీక్షించుట యను నర్థమును రూఢమైనది. ఇంజనుపనిలో ఈ రెండర్థములును ఏకమగుచున్నవి. మురికి పోయినగాని పగులు కనబడదు. పగులు కనబడినగాని ప్రమాదము తప్పదు. ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

జేమ్స్ వాట్ 1769లో తన ఆవిరియంత్రమునకు పేటెంటు పొందెను. ఆ కాలపు యంత్రములలో పిస్టను చుట్టును నార బిగించి పశువుల క్రొవ్వు పూయుచుండిరి. వేడి ఆవిరి తగులగా క్రొవ్వు విడివడి ఆమ్లమై లోహమును తినుచుండెను. రక్షణకై పూసినదే భక్షక మయ్యెను! 1859లో అమెరికాయందలి పెన్సిల్వేనియాలో డ్రేక్ అనువాడు నూనెబావి త్రవ్వించిన పిమ్మట ఖనిజతైలము విరివిగా లభింపసాగెను. దానివలన ఈ చిక్కు క్రమముగా తొలగెను. కడుగుటకు కిరసనాయిలు, పూయుటకు చిక్కని నూనె, రెండును ఒకే ముడినూనెనుండి వచ్చినవి.

రైళ్లు పెరిగినకొలది శోధనము ప్రాణసంబంధమైన కార్య మయ్యెను. పూర్వపు రైలు కార్ఖానాలలో ఇరుసును శుభ్రముగా కడిగి, నూనెలో నానబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపూత పూయుచుండిరి. లోహమున పగులున్నచో అందు దాగిన నూనె మెల్లగా వెలికి ఊరి, తెల్లని పూతపై నల్లని గీతయై కనబడును. ముందు కడుగుటలో అశ్రద్ధ చేసినచో పగులు మురికితో పూడియుండును, గీత రాదు, ఇరుసు పరుగులో విరుగును. బండిలో నిద్రించు వందలమంది క్షేమము, మసిబట్టిన ఒక్క కూలివాని చేతిలో నుండెను. తెలుగునేలపై సికిందరాబాదు చెంత లాలాగూడ కార్ఖానా 1893లో నెలకొన్నది. నైజాము రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించిరి. ఇట్టి విద్య ఈ విధముగా మన యిండ్లకును చేరినది.

లోహములు మారగా శోధనవిధియు మారవలసి వచ్చెను. కాస్టిక్ సోడా నీటిలో పోతయినుమును మరగించిన మురికి పోవును; అల్యూమినియమును వేసినచో హైడ్రోజను వాయువు బుసబుసమని పొంగి, లోహమే కరగిపోవును. ఇక రక్షణవిషయమున, 1906లో కాస్లెట్ అను ఆంగ్లేయుడు ఇనుముపై ఫాస్ఫేటు పొర కట్టించు విధానమునకు పేటెంటు పొందెను. 1923లో బెంగఫ్, స్టూవర్టు అనువారు విద్యుత్తు సాయమున అల్యూమినియము మిశ్రమములపై గట్టి పొరను కల్పించి, సముద్రజలమునుండి విమానాంగములను కాపాడు ఉపాయమును వెలువరించిరి.

ఈ సంగతులన్నియు నేను పిమ్మట చదివినవి. తొలిపాఠము మాత్రము 1970 ప్రాంతమున మా ఊరి బియ్యపుమిల్లులో మేనమామగారివలన లభించెను. సిలిండరు లోపలిగోడను సానరాతితో రుద్దిన పిమ్మట ఆయన కిరసనాయిలుతో తృప్తిపడక, వేడినీటితోను సబ్బుతోను కడిగెడివారు. రాతిపొడి సన్నని గీతలలో ఇరుకుకొనును. కిరసనాయిలు దానిని పూర్తిగా వెడలగొట్టలేదు. పిమ్మట తెల్లనిగుడ్డతో తుడిచి, గుడ్డపై మరక రానంతవరకు మరల మరల కడిగెడివారు. “అల్లుడూ, కంటికి శుభ్రమైతే చాలదురా, గుడ్డకు శుభ్రము కావాలి” అనెడివారు. తడి యారిన వెంటనే నూనె పూసెడివారు. ఏలయన కడిగిన ఇనుము గాలి తగిలి త్వరలోనే త్రుప్పుపట్టును.

ఒకసారి కోతల సమయమున మిల్లు యజమాని తొందరపెట్టగా, క్రాంకుషాఫ్టులోని నూనెరంధ్రమును కడుగకయే ఇంజను కూర్చిరి. వారము తిరుగకమున్నే బేరింగు మాడిపోయెను. షాఫ్టునకును బేరింగునకును నడుమ నుండు ఎడము మోటారు ఇంజనులలో అంగుళమున వేయింట ఒకటి మొదలు మూడు వంతులు మాత్రమే, అనగా సుమారు ఒక తలవెండ్రుక మందము. అందు ఇసుకరేణువునకు చోటేది?

కాని ఆ మేనమామగారి చేతులు నేటికిని నా కన్నుల గట్టినట్లున్నవి. వట్టిచేతులతో పెట్రోలులో అంగములు కడిగి కడిగి, చర్మము పగిలి రక్తము చిమ్మెడిది. అమెరికాలో 1923నుండి పెట్రోలునందు కలుపుచు వచ్చిన సీసపు ద్రవ్యము చర్మముగుండ దేహమున ప్రవేశించునని ఆయనకు చెప్పినవారు లేరు. మన దేశమున ఆ పెట్రోలు అమ్మకము 2000లో నిలిచెను. జిడ్డు తీయుటకు వాడిన కార్బన్ టెట్రాక్లోరైడు కాలేయమును చెరచును. అయినను దానిని వెడలగొట్టినది ప్రధానముగా ఓజోనుపొర రక్షణకై 1990లో మాంట్రియల్ ఒడంబడికకు చేసిన సవరణయే. ట్రైక్లోరోఎథిలీను క్యాన్సరు కలిగించునని పిమ్మట తేలినది. లోహమును కాపాడు పూతలకై రెండు శతాబ్దములు శ్రమించిన లోకము, కడుగువాని చేతికి తొడుగు నిచ్చుటకు ఎంత ఆలస్యము చేసెనో చూడుడు!

కావున యువకులకు నా మనవి: పెట్రోలుతో కడుగవలదు, తగిన చేతితొడుగులు ధరింపుడు, గాలి వచ్చుచోట పనిచేయుడు, నీటితో కలియు శోధకములు లభించుచున్నవి, వానిని వాడుడు. పోషక మహాశయులకు మనవి: వృత్తివిద్యార్థులకు మీరొసగు సాయమున పనిముట్లతోపాటు ఈ రక్షణసామగ్రియు చేరునుగాక. ఇంజనునకు శోధనము ఎట్లో, దానిని శోధించువానికి రక్షణ మట్లు ఆవశ్యకము.