కమిట్ అయ్యాకే క్యాష్

బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ కుర్రాడు 1999లో లైవ్‌జర్నల్ మొదలుపెట్టాడు, స్నేహితుల కబుర్ల కోసం. నాలుగేళ్లు తిరిగేసరికి అక్కడ లక్షల మంది రాస్తున్నారు. ఏ పేజీ తెరిచినా అదే ప్రొఫైలు, అవే స్నేహితుల జాబితాలు. డేటాబేస్‌కి చెప్పిందే చెప్పడం సరిపోతోంది. పక్కనే వెబ్ సర్వర్లలో మెమరీ ఖాళీగా పడి ఉంది. ఆ ఖాళీనంతా కలిపి ఒకే క్యాష్‌గా వాడుకునే మెమ్‌క్యాష్‌డీ 2003 మేలో పుట్టింది. మొదట పెర్ల్‌లో రాశారు, ఆ వెంటనే అనటోలీ వోరొబే దాన్ని సీ భాషలో తిరగరాశాడు.

తరచూ అడిగేదాన్ని చేతికందేచోట ఉంచుకోవాలన్న ఆలోచన అప్పటికే పాతది. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ 1965లోనే దానిమీద వ్యాసం ప్రచురించాడు. ఐబీఎం 1968లో ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85లో క్యాష్ ఉంది. ఏం రాసినా అది ప్రధాన మెమరీకి చేరేలా ఆ యంత్రాన్ని కట్టారు. ప్రోగ్రామర్ పట్టించుకోవాల్సిన అవసరమే లేదు.

వెబ్‌లో ఆ సుఖం పోయింది. మెమ్‌క్యాష్‌డీకి డేటాబేస్ సంగతి తెలియదు, డేటాబేస్‌కి దాని సంగతీ తెలియదు. మధ్యలో ఉన్న కోడే ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీసేయాలో చెప్పాలి. చదివేటప్పుడు క్యాష్‌లో దొరక్కపోతే డేటాబేస్ నుంచి తెచ్చి పెట్టడం, మార్చినప్పుడు తీసేయడం అన్న పద్ధతి త్వరగానే స్థిరపడింది. కొత్త విలువను నేరుగా క్యాష్‌లో రాయకుండా తీసేయడమే మేలన్నది అనుభవం నేర్పిన పాఠం. ఇద్దరు ఒకేసారి రాస్తే ఎవరి విలువ చివరికి మిగులుతుందో చెప్పలేం. తీసేయడం మాత్రం ఎన్నిసార్లు చేసినా ఫలితం ఒకటే.

ఇబ్బందంతా ఆ తీసేసే క్షణంలోనే ఉంది. 2004లో వచ్చిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ రూబీ ఆన్ రైల్స్‌లో మోడల్ సేవ్ కాగానే నడిచే ఆఫ్టర్ సేవ్ ఉండేది. చాలామంది క్యాష్ తీసేసే పని దానికే అప్పగించారు. చూడ్డానికి సరైన చోటే. కానీ అది ట్రాన్సాక్షన్ ఇంకా నడుస్తుండగానే, అంటే మార్పు డేటాబేస్‌లో ఖాయం (కమిట్) కాకముందే పనిచేస్తుంది.

ఒక పుస్తకం ధర 500 నుంచి 450కి మారుతోందనుకుందాం. కోడ్ 450 రాసి, క్యాష్ తీసేసింది. కమిట్ ఇంకా కాలేదు. ఆ రెప్పపాటులో ఇంకొకరు పేజీ తెరిచారు. క్యాష్‌లో ధర లేదు, డేటాబేస్‌ని అడిగితే పాత 500 ఇచ్చింది, అదే క్యాష్‌లో చేరింది. తర్వాత కమిట్ అయింది. డేటాబేస్‌లో 450, తెరమీద 500. ఎక్కడా ఎర్రర్ లేదు, లాగ్‌లో ఆనవాలు లేదు. పరీక్షించేవాళ్లకు ఒంటరిగా నడిపితే ఇది కనబడనే కనబడదు. ఇక తీసేయడానికి బదులు కొత్త విలువ పెట్టే కోడైతే ఇంకా ఘోరం: ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయిందంటే, ఎన్నడూ లేని ధర క్యాష్‌లో కూర్చుంటుంది.

2010లో రైల్స్ 3, కమిట్ అయ్యాకే నడిచే ఆఫ్టర్ కమిట్‌ని తెచ్చింది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అలాంటి ఆన్ కమిట్ రావడానికి 2015 చివర్లో 1.9 వెర్షన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత మౌలికమైన అవసరానికి అది చాలా ఆలస్యమే.

కమిట్ తర్వాత తీసేసినా ఒక సందు మిగిలే ఉంటుంది. చదివేవాడు పాత ధర తీసుకుని దారిలో ఉండగా, రాసేవాడు కమిట్ చేసి క్యాష్ తీసేస్తాడు. ఆనక చదివేవాడొచ్చి పాసిపోయిన ధర పెట్టి వెళ్తాడు. ఈ సందు మూయడానికి ఫేస్‌బుక్ ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయాన్ని 2013లో ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. విలువ దొరకనివాడికి మెమ్‌క్యాష్‌డీ ఒక టోకెన్ ఇస్తుంది. ఈలోగా ఎవరైనా ఆ విలువ తీసేస్తే టోకెన్ చెల్లదు, అతను తెచ్చినదాన్ని క్యాష్ తీసుకోదు. ఒకే విలువ కోసం అందరూ డేటాబేస్ మీద పడకుండా, టోకెన్లను పది సెకన్లకొకటి చొప్పున ఇచ్చారు. ఆ తొక్కిసలాటకు గురయ్యే విలువలను వారం పాటు గమనిస్తే, సెకనుకు 17,000 దాకా వెళ్లే డేటాబేస్ ప్రశ్నలు 1,300కు తగ్గాయి.

ఆ పత్రంలోనే ఇంకో ఏర్పాటూ ఉంది. తీసేసే పనిని అప్లికేషన్ కోడ్‌కే వదిలేయకుండా, మైఎస్‌క్యూఎల్ కమిట్ లాగ్ చదివే ఒక ప్రోగ్రామును ప్రతి డేటాబేస్ సర్వర్ మీదా నడిపారు. లాగ్‌లోకి ఎక్కిన మార్పు ఏదైనా, దానికి సంబంధించిన విలువలు తీసేయమని అది క్యాష్ సర్వర్లకు కబురు పంపుతుంది. కమిట్‌కీ తీసేయడానికీ మధ్య వెబ్ సర్వర్ ఆగిపోయినా కబురు ఆగదు, లాగ్‌లో ఉంటుంది కాబట్టి మళ్లీ పంపవచ్చు.