దైవాపేక్ష

దేవుడిచ్చే ఆరోగ్యం, ఉద్యోగం, సంతానం కన్నా దేవుణ్ణే మిన్నగా కోరుకోవడం క్రైస్తవ భక్తికి ఆయువుపట్టు. దీన్ని లోతుగా చెప్పింది ఆసాపు పేరిట ఉన్న 73వ కీర్తన. భక్తిహీనుల సిరిని చూసి అసూయపడ్డ భక్తుడు, దేవుడి సన్నిధిలో అడుగుపెట్టాక ఆ సన్నిధే తన ఆస్తి అంటాడు.

హైదరాబాదులో ఈ భావాన్ని బతికి చూపినవారు భక్తసింగ్ (1903–2000). పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంగ్లండు, కెనడాల్లో ఇంజనీరింగు చదివి, క్రైస్తవుడై 1933లో స్వదేశం చేరారు. సువార్త సేవకు జీతం పుచ్చుకోలేదు, చందాలు అడగలేదు. నగరంలోని హెబ్రోను అనే ఆవరణ ఆయన సేవకు కేంద్రమైంది. ఆయన నెలకొల్పిన సంఘాల ఆదివారపు కూడికల్లో దేవుణ్ణి దేవుడిగా స్తుతించే ఆరాధనకే పెద్దపీట.

అలాగని దేవుణ్ణి అవసరాలు అడగడం తప్పు కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనూ అనుదినాహారం ఉంది. కాకపోతే అది తండ్రి నామం, రాజ్యం, చిత్తం తర్వాతే.