సమాధిరాళ్లు – మరణవార్తలు

అనంతపురము జిల్లా గుత్తిలో, కోటకొండ క్రింద, పూర్వము దొరలు తమవారిని పూడ్చుకొనిన శ్మశానమొకటి కలదు. 1827వ సంవత్సరము జులై నెలలో చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో దేహమును అక్కడ పూడ్చిరి. నాలుగేండ్లకు, 1831లో, దానిని పైకి తీయించి చెన్నపట్టణమునకు గొనిపోయి సెంటుజార్జి కోటలోని సెంటుమేరీ చర్చిలో ఉంచిరి. కావున గుత్తి శ్మశానములో నిప్పుడు మన్రో లేడు. ఆయనను మొదట పూడ్చిన చోటు మాత్రము కలదు.

నేటి నా ప్రసంగము మన్రో చరిత్రమును గూర్చి కాదు. ఒక ఊరి శ్మశానములో పరుండినవారిని గూర్చి ఆనాటి వార్తాపత్రికలలో పడిన మరణవార్తలను వెదకి, వ్రాసికొని, చెడకుండ దాచవలసిన అవసరమును గూర్చి. ఈ మాట వినగనే పెద్దలలో కొందఱు మొగము చిట్లింతురని నే నెఱుగుదును. చావుకబురు తెచ్చిన కార్డును చదివి అక్కడికక్కడే చింపివేయుట మన ఇండ్లలో ఆచారము. అట్టి కాగితమును ఇంటిలో నుంచుట అశుభమని మనవారి తలంపు. ఆ ఆచారమును నేను తప్పుపట్టను. దుఃఖము ఇంటిలో నిలువ యుండగూడదని పెద్దలు చేసిన ఏర్పాటది. అయితే ఇంటికి వచ్చిన కార్డు వేఱు, ఊరి కంతటికిని వచ్చిన పత్రిక వేఱు. మొదటిదానిని చింపినను ఇంటివారికి జ్ఞాపకముండును. రెండవది పోయినచో జ్ఞాపకముంచుకొనువారే యుండరు.

మన్రో మరణమునకు మూడు సాక్ష్యములు కలవు. ఆ మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన నా అభిప్రాయము మీకు తేటపడును.

మొదటిది జనుల నోటి మాట. కడపజిల్లాలో పాపఘ్నినది కొండలను చీల్చుకొని వచ్చుచోట గండి అను క్షేత్రము కలదు. అక్కడ రెండు కొండలకును నడుమ బంగారు తోరణమొకటి కట్టబడి యున్నదనియు, అది పుణ్యాత్ములకు, అందులోను మరణమాసన్నమైనవారికి మాత్రమే కనబడుననియు చెప్పుదురు. మన్రో ఆ దారిని పోవుచు తలయెత్తి, "ఆ బంగారు తోరణము నెవరు కట్టిరి?" అని అడిగెనట. వెంటనున్నవారి కేమియు కనబడలేదు. ఒక ముసలివాడు మాత్రము విషయము గ్రహించి కన్నీరు పెట్టుకొనెనట. తరువాత కొలదికాలమునకే దొర గతించెనని కథ. రాయలసీమలో ఈ కథ వినని వృద్ధుడుండడు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిన సీమ అది.

రెండవది రాతి మాట. సమాధిరాయి పేరును, పదవిని, తేదిని చెప్పి ఊరకుండును. అంతకన్న చెప్పుటకు దానిలో చోటులేదు.

మూడవది కాగితపు మాట. పత్తికొండలో జులై 6వ తేది రాత్రి గవర్నరు మరణించిన వార్తను 9వ తేదిననే చెన్నపట్టణములో ప్రత్యేక గెజెట్టుగా అచ్చువేసి ప్రకటించిరి. అవి రైలును తంతియు లేని దినములు. అంచెలవాండ్రు రేయింబవళ్లు పరుగెత్తి ఆ కబురును మూడుదినములలో చేర్చిరన్నమాట. ఆ కాలపు వ్రాతల వలననే మిగిలిన సంగతులును మనకు తెలియుచున్నవి. 1800లో నైజాము ఇంగ్లీషు కంపెనీకి విడిచిన దత్తమండలములకు మన్రో 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండెను. 1820లో గవర్నరయ్యెను. ఇక స్వదేశమునకు పోదునని నిశ్చయించుకొని, తాను సాగుభూములను కొలిపించి రయితులకు పట్టాలిప్పించిన ఆ సీమను కడసారి చూచుటకు బయలుదేరెను. అప్పుడా ప్రాంతమున వాంతిభేది రేగియుండెను. గుత్తి దాటి జులై 6వ తేది ఉదయమున పత్తికొండ చేరెను. ఆ పగలే జాడ్యము తగిలెను. రాత్రికి ప్రాణము పోయెను. మఱునాడు దేహమును వెనుకకు గుత్తికి తెచ్చిరి. పిమ్మట ఆయన పేర పత్తికొండలో బావియు తోపును, గుత్తిలో సత్రమును ఏర్పడినవి.

బంగారు తోరణపు కథలో వాంతిభేది లేదు. రాతిమీద పత్తికొండకు పోయిన ప్రయాణము లేదు. కథను త్రోసివేయవలెనని నేననుటలేదు. ఒక పరదేశపు అధికారిని రయితులెట్లు తలచిరో ఏ గెజెట్టును చెప్పజాలదు, ఆ కథ చెప్పును. కాని 1817లో వంగదేశమున పుట్టి దేశమంతటను వ్యాపించిన ఆ మహమ్మారి పదియేండ్ల తరువాత మన పల్లెలలో ఎట్లు తిరుగుచుండెనో తెలిసికొనవలెనన్నచో కాగితమునే ఆశ్రయింపవలెను. దండువెంట నడచిన పరిచారకులలో కొందఱు గవర్నరుకంటె ముందే అదే జాడ్యముచే రాలిపోయిరి. వారికి గెజెట్టు లేదు, సత్రము లేదు, రాయి లేదు. ఒక్కని మరణవార్తను చదువబోయి మనము వారి చావును గూడ తెలిసికొనుచున్నాము. మరణవార్తలను దాచుటలో నాకు కనబడు గొప్ప ప్రయోజనమిదియే.

గవర్నరుల మాట యటుంచి, చిన్నవారి మాట చూతము. బందరు, భీమునిపట్టణము, విశాఖపట్టణము మొదలగు రేవులలోను, దండు దిగిన ఊళ్లలోను ఉన్న పాత సమాధులలో నెక్కువ భాగము పేరు ప్రతిష్ఠలు లేనివారివి. సార్జంటులు, గుమాస్తాలు, ఓడవారు, బాలింతలు, ఏడాది నిండని పసికందులు. చెన్నపట్టణములో 1785లో మద్రాసు కొరియరను పత్రిక వెలసినది మొదలు ఇట్టివారి మరణములు ఒకటి రెండు పంక్తులలో పత్రికల కెక్కుచుండెను. లండనులో 1816 మొదలు 1845 వఱకు వెలువడిన ఏషియాటిక్ జర్నలులోను మద్రాసు రాజధానిలోని జనన వివాహ మరణములను వరుసగా వేయుచుండిరి. ఓడలమీద కబురు పోవుటకు నెలలు పట్టెడిది. బిడ్డ బందరులో మరణించిన తరువాత అయిదాఱు మాసములకు గాని తాతకు ఆ సంగతి తెలియకుండెను.

ఇక వెదకు విధము. రాతిమీది తేదియే మనకు తాళపుచెవి. తేది తెలిసినచో వేల పుటలను త్రిప్పనక్కఱలేదు. ఆ దినము మొదలు రెండు మూడు వారముల చెన్నపట్టణపు పత్రికలు చూడవలెను. లండను పత్రికయైనచో ఆఱేడు మాసములు ముందునకు పోవలెను. పేరు వ్రాసిన తీరు రాతిమీద ఒకరకముగను కాగితముమీద ఒకరకముగను ఉండును, దానికి వెఱవరాదు. రాతిమీది అక్షరములే అరిగిపోయినచో ఏమి చేయవలెనందురా? 1905లో జూలియన్ జేమ్స్ కాటను అను ఉద్యోగి మద్రాసు రాజధానిలోని సమాధుల శాసనములను సేకరించి పెద్ద పట్టికగా కూర్పగా ప్రభుత్వమువారు ప్రకటించిరి. వాననీటికి కరగిన రాళ్ల మాటలు ఆ గ్రంథములో నిలిచియున్నవి. రాతికంటె కాగితమెక్కువ కాలము బ్రతికిన చోటది.

కాని అన్ని కాగితములును బ్రతుకవు. ఇందొక వింత యున్నది. మన్రోనాటి పత్రికలు గుడ్డపేలికలను నానబెట్టి దంచి చేసిన కాగితముపై అచ్చయినవి. అట్టివి రెండువందల యేండ్లయినను మెత్తగా వంగును. పందొమ్మిదవ శతాబ్ది కడపట వార్తాపత్రికలు కొయ్యగుజ్జుతో చేసిన చౌక కాగితమునకు దిగినవి. ఆ కాగితములో నుండు ఆమ్లము దానినే తినివేయును. ఎండ తగిలినచో పచ్చబడును, మడతపెట్టినచో విఱుగును, చివరకు అప్పడమువలె పొడియగును. కావున 1827నాటి వార్తకంటె 1927నాటి వార్తయే ముందుగా నశించును.

ఆ నశించునది మనవారి వార్త. బందరులో 1902లో కృష్ణాపత్రిక పుట్టినది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. పల్లెలనుండి చదువరులు వ్రాసి పంపిన జాబులు ఇట్టి పత్రికల మూలలలో చిన్న అక్షరములలో పడెడివి. ఫలాని గ్రామ కరణముగారు, ఫలాని బడిపంతులుగారు, ఫలాని హరిదాసుగారు పరమపదించిరని రెండు పంక్తులు. మనలో దహనమే ఆచారముగా గలవారికి సమాధిరాయి లేదు. అస్థికలు గోదావరిలోనో కృష్ణలోనో కలిసినవి. సమాధి చేయు ఆచారముగల జంగములకును దాసరులకును, మహమ్మదీయులకును క్రైస్తవులకును గూడ రాయి వేయించుకొను స్తోమత అందఱకు లేదు. మట్టిదిబ్బ రెండు వానాకాలములకు నేలమట్టమగును. అట్టివారికి పత్రికలోని ఆ రెండు పంక్తులే రాయి.

రెండు పంక్తులైనను దక్కనివారి మాట చెప్పకుండ పోలేను. 1864 నవంబరు 1వ తేదిని బందరుమీద తుపాను విఱుచుకొనిపడి, సముద్రము ఊరిమీదికి వచ్చెను. పట్టణములోను చుట్టుపట్ల గ్రామములలోను ఇంచుమించు ముప్పది వేలమంది మృతులైరి. దొరలకు, వారి కుటుంబములకు పేర్లు మిగిలినవి. మనవారికి మిగిలినది ముప్పదివేలను లెక్క. అందుచేత ఏ పత్రికను నమ్మినను, అది ఎవరిని లెక్కకు తెచ్చినది, ఎవరిని విడిచినది అని యడిగి నమ్మవలెను. పొగడ్తలను గూడ అట్లే తూచవలెను. చచ్చినవాని కండ్లు చారెడను సామెత పత్రికలవారికిని వర్తించును. అయిదువందలు వడ్డీకిచ్చి పదునైదువందలు గుంజినవాడు సయితము మరణవార్తలో దానకర్ణుడే యగును.

ఒక పట్టణపు గ్రంథాలయములో ముప్పదియేండ్ల పత్రికల కట్టలను తూకమునకు అమ్మివేయుచుండగా నేను చూచితిని. చోటు లేదనిరి. కొనినవాడు మిఠాయి దుకాణమువాడు. దీనికి భిన్నముగా వేటపాలెములో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనమువారు పాత పత్రికలను భద్రపఱచి ఎందఱో పరిశోధకులకు దారిచూపిరి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీవారును పాత తెలుగు పత్రికలకు యంత్రముతో ప్రతిబింబములు తీయించి అందఱకు అందుబాటులోనికి తెచ్చిరి. కాని మీ ఊరి రచ్చబండ దగ్గఱి గ్రంథాలయపు బీరువాలోను, మీ అటకమీది పెట్టెలోను ఉన్న ప్రతులను వెలికితీయుటకు మీరే పూనుకొనవలెను.

పని కష్టమైనది కాదు. మంచి కాగితపు పుస్తకమొకటి కొని, ఊరి శ్మశానములోని ప్రతి రాతిని ఉన్నదున్నట్లు ఎక్కించుడు. అక్షరములు కనబడనిచో ఉదయపు ఏటవాలు ఎండలో చూడుడు, సున్నముగాని బొగ్గుగాని పూయవలదు. దానిక్రింద పత్రికలో దొరకిన వార్తను అక్షరము మార్చక వ్రాసి, పత్రిక పేరు, తేది, పుట వేయుడు. తేది లేని కత్తిరింపు తండ్రిపేరు లేని పత్రమువంటిది. కత్తిరింపులను జిగురుతో అంటింపవలదు, మెఱయు అతుకుబిళ్లలు వేయవలదు. మడవక వెడల్పయిన పెట్టెలో చీకటిచోట, చెమ్మ తగులకుండ ఉంచుడు. చదువుకొను మనుమలచేత చేతిఫోనుతో బొమ్మ తీయింపుడు. ఇటీవల గతించినవారి విషయమున ఇంటివారి నడిగి, వారు సరేయన్న పిమ్మటనే వ్రాయుడు. రాయియు పత్రికయు లేనివారిని గూర్చి ఊరి వృద్ధులు చెప్పినదానిని వేఱుగా, చెప్పినవారి పేరుతో, చెప్పిన తేదితో ఎక్కించుడు. పుస్తకమునకు ఒక నకలు వ్రాయించి జిల్లా గ్రంథాలయమున కిచ్చి రసీదు పుచ్చుకొనుడు.