కోనసీమ అగ్రహారాల్లో వేదపు చదువు

గోదావరి పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, తూర్పున గౌతమికీ పడమట వసిష్ఠకూ నడుమ ఏర్పడిన నేల కోనసీమ. వైనతేయ దాని మధ్యలోంచి పారుతుంది. అమలాపురం నుంచి ఉప్పలగుప్తం మీదుగా సూరసాని యానాం వైపు వెళితే పల్లపు వరిచేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఆపైన బంగాళాఖాతం. అమలాపురానికి ఎగువన, అంబాజీపేట, కొత్తపేటల చుట్టుపట్ల కొబ్బరితోటల మధ్య పాత అగ్రహారాలున్నాయి. వీటిలో కొన్ని కుటుంబాలు కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖను తరాల తరబడి తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి అందిస్తూ వచ్చాయి. ఇంట్లో మాటామంతీ అంతా తెలుగులోనే. పిల్లవాడు ఆస్తిగా అందుకునేది మాత్రం, ఇంట్లో ఎవరూ కబుర్లకు వాడని వేదభాష. ఎవరూ మాట్లాడని భాష అక్షరం, స్వరం తప్పిపోకుండా ఇంతకాలం ఇళ్లలో ఎలా నిలిచిందో తెలియాలంటే ఆ ఇళ్ల బతుకుతెరువు, దినచర్య, చదువు చెప్పే పద్ధతి మూడింటినీ కలిపి చూడాలి.

అగ్రహారమంటే రాజు పన్ను మినహాయించి విద్వాంసులకు ఇచ్చిన ఊరు. కోనసీమలో ఇలాంటి దానాలకు తూర్పు చాళుక్యుల నాటి సాక్ష్యం ఉంది. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు ఇక్కడి నందంపూడిని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనాన్ని రచించినవాడు నన్నయభట్టు. మహాభారత రచనలో నన్నయకు తోడ్పడినవాడు, అనేక భాషల్లో కవిత్వం చెప్పగలవాడు నారాయణభట్టు. తెలుగు సాహిత్య చరిత్రలో ఆదికావ్యం పేరు చెప్పగానే గుర్తుకొచ్చే ఇద్దరి పేర్లూ కోనసీమలోని ఒక ఊరి దానపత్రంలో ఒకేచోట కనిపించడం విశేషం. ఆ తర్వాతి పాలకులు, జమీందారులు కూడా ఈ పద్ధతిని కొనసాగించారు. రాజ్యాలు మారినా భూమి మీద వచ్చే ఫలసాయం బ్రాహ్మణ కుటుంబాలకు చేరుతూ ఉండేది.

వేదం నేర్వడానికి ఆ ఫలసాయమే ఆధారం. ఏడెనిమిదేళ్ల వయసులో మొదలయ్యే చదువు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు సాగుతుంది. అంతకాలం పిల్లవాడు ఒక్క రూపాయి సంపాదించడు. చెప్పే తండ్రికీ పొద్దంతా అదే పని. భూమి పండకపోతే ఇది జరిగే పని కాదు. 19వ శతాబ్దపు తొలి సగంలో గోదావరి జిల్లా కరువులతో, 1839 నాటి తుపానుతో చితికిపోయింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ పరిస్థితిని మార్చింది. కాలువల నీరు అందిన లంకల్లో వరి, కొబ్బరి స్థిరపడ్డాయి. అగ్రహారీకుల కౌలు రాబడి కూడా నిలకడకు వచ్చింది. 20వ శతాబ్దం దాకా ఈ ఇళ్లలో వేదం నిలవడానికి ఋషుల పుణ్యంతో పాటు ఈ కాలువ నీరూ కారణమే.

చదువు ఉపనయనంతో మొదలవుతుంది. తెల్లవారుజామున లేచి, స్నానసంధ్యలు ముగించుకుని పిల్లవాడు తండ్రి ఎదుట కూర్చుంటాడు. చేతిలో పుస్తకం ఉండదు. తండ్రి ఒక వాక్యఖండాన్ని స్వరంతో ఒకసారి పలుకుతాడు. పిల్లవాడు దాన్ని రెండుసార్లు తిరిగి చెబుతాడు. దీన్నే సంత చెప్పడం అంటారు. సంత పూర్తయ్యాక ఆ భాగాన్ని పదేపదే వల్లె వేయాలి. మర్నాడు కొత్త సంతకు ముందు పాతది అప్పగించాలి. స్వరం ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో మొదట్లో తండ్రి చేతి కదలికతోనో, పిల్లవాడి తలను వంచీ ఎత్తీనో చూపిస్తాడు. అనుదాత్తం దగ్గర కిందికి, స్వరితం దగ్గర పైకి. కొన్నాళ్లకు ఆ కదలిక గొంతులోకి దిగి, చెయ్యి అక్కర్లేకుండా పోతుంది. అప్పటికి పిల్లవాడికి అర్థం తెలియదు, వ్యాకరణం తెలియదు. తెలిసిందల్లా తండ్రి గొంతు.

నేర్వవలసిన గ్రంథం చిన్నదేమీ కాదు. తైత్తిరీయ సంహితలో ఏడు కాండలు, 44 ప్రశ్నలు, 651 అనువాకాలు ఉన్నాయి. అనువాకాలను మళ్లీ ఏభై పదాలకు ఒకటి చొప్పున పనసలుగా విడదీస్తారు. ఇలాంటివి 2,198. రోజుకెన్ని పనసల సంత అన్నది పిల్లవాడి ధారణను బట్టి ఉంటుంది. సంహితకు బ్రాహ్మణంలోని 28, ఆరణ్యకంలోని పది ప్రశ్నలు చేరిస్తే మొత్తం 82. తెలుగునాట వేదపండితులు 'ఎనభై రెండు పన్నాలు' అనేది వీటినే. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పౌర్ణమి తిథుల్లో కొత్త పాఠం ఉండదు. ఏటా శ్రావణ పౌర్ణమి నాటి ఉపాకర్మతో అధ్యయనం మళ్లీ మొదలైనట్టు లెక్క.

సంహిత నోటికి వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. పదపాఠంలో సంధులు విడదీసి ఒక్కొక్క పదంగా చెప్పాలి. క్రమంలో రెండేసి పదాలు జతకడతాయి: మొదటిది రెండోదానితో, రెండోది మూడోదానితో, మూడోది నాలుగోదానితో. జటలో ఆ జతను ముందుకూ వెనక్కూ, మళ్లీ ముందుకూ చెప్పాలి. ఘనలో మూడేసి పదాలు వస్తాయి. పదాలకు బదులు అంకెలు పెట్టి చూస్తే ఘన ఇలా నడుస్తుంది: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. అక్కడితో ఒక అడుగు జరిగి, రెండో పదం నుంచి మళ్లీ ఇదే వరస. మూడు పదాలకు పదమూడు పలుకులు. వాక్యం మధ్యలో ఉన్న ఏ పదమైనా ఈ లెక్కన పదమూడుసార్లు నోట్లో తిరుగుతుంది.

ఇది గారడీ కోసం పుట్టింది కాదు. పదాలు ముందువెనకలైనప్పుడు వాటి మధ్య సంధి మారుతుంది, స్వరం మారుతుంది. తిరగేసినప్పుడు కొత్త సంధిని సరిగ్గా కట్టాలంటే అసలు పదం రూపం కచ్చితంగా తెలిసి ఉండాలి. ఒక అక్షరం జారితే ఆ చోటే పట్టుబడిపోతుంది. కాగితం మీద రాసుకున్నదాంట్లో చెయ్యి తప్పు చేస్తే, నకలు తీసినవాడు దాన్ని అలాగే దింపేస్తాడు. ఘన చెప్పేవాడి తప్పును పక్కన కూర్చున్న అన్నదమ్ముడు, మేనమామ అక్కడికక్కడే ఆపుతారు. పాణినీయ శిక్ష అధమ పాఠకులను ఆరుగురిగా లెక్కించింది: రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసినది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు బలం లేనివాడు. పుస్తకం చూడటం తప్పుల పట్టికలో చేరిందంటే, నోటిచదువు మీద ఆ కాలం పెట్టుకున్న నమ్మకం ఎంతటిదో తెలుస్తుంది. అర్థం తెలియకపోవడమూ అదే పట్టికలో ఉంది. దానికి తగిన శ్రద్ధ మాత్రం చాలా ఇళ్లలో దక్కలేదు. భాష్యం చదివినవారు ఎప్పుడూ తక్కువే.

వేదం చదువుకోని తెలుగువారికి కూడా ఈ పాఠంలో కొంత భాగం చెవికి తెలుసు. శివాలయంలో అభిషేకమప్పుడు వినిపించే నమక చమకాలు తైత్తిరీయ సంహిత నాలుగో కాండలోని ఐదు, ఏడు ప్రశ్నల్లోవే. కార్తికమాసమంతా గుళ్లలో రుద్రం వినిపించే కోనసీమలో, కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుతీరే చోట, అగ్రహారపు చదువుకు ఊరితో ఉన్న ముడి ఇదే.

ఇంటి లోపల ఆ చదువుకు ఇంకా పెద్ద పని ఉండేది. పెళ్లయిన తర్వాత అగ్న్యాధానం చేసుకున్న గృహస్థు ఆహితాగ్ని అవుతాడు. జమ్మిచెట్టు మీద మొలిచిన రావి కర్రతో చేసిన అరణిని మథించి పుట్టించిన నిప్పును ఇంట్లో మూడు గుండాల్లో నిలుపుతారు. గార్హపత్యం గుండ్రంగా, ఆహవనీయం చతురస్రంగా, దక్షిణాగ్ని అర్ధచంద్రాకారంగా ఉంటాయి. ఉదయం, సాయంత్రం అగ్నిహోత్రం తప్పదు. ముఖ్యమైన హవిస్సు పాలు, కనుక ఇంట్లో ఆవు ఉండాలి. భార్య లేనిదే ఆధానానికి అధికారం లేదు. ఆమె వేదం చదవదు, కానీ ఏ వేళ ఏ పాత్ర ఎక్కడుండాలో, ఏ కర్మకు ఏం కావాలో ఆమెకు తెలుసు. భార్య ముందు మరణిస్తే ఆ అగ్నులతోనే ఆమెకు దహనం చేస్తారు. దాంతో భర్త అగ్నిహోత్రం ఆగిపోతుంది. ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి మంత్రమంటే బడిలో చెప్పే పాఠం కాదు. తండ్రి పొద్దున్నే చేసే పనిలో వినిపించే మాట. తనకు సంతలో వచ్చిన పనస ఏ కర్మలో ఏ క్షణాన పలుకుతారో అతను కళ్లారా చూస్తాడు. కుటుంబం అందించిన దానిలో బడి అందించలేనిది ఇదే.

ఇంట్లో ఎవరు ఎంతవరకు వెళ్లారో పేర్లలోనే తెలిసేది. ఘన పూర్తిచేసినవాడు ఘనాపాఠి, సోమయాగం చేసినవాడు సోమయాజి, అగ్నిచయనం చేసినవాడు చయనులు. తాత చేసిన యాగం పేరే మనవడి పేరు చివర నిలిచిపోయిన ఉదాహరణలు గోదావరి జిల్లాల్లో కోకొల్లలు.

ఈ వారసత్వానికి ఉన్న హద్దులను దాచకూడదు. ఇది బ్రాహ్మణ కుటుంబాలకే, అందులోనూ మగపిల్లలకే పరిమితమైన చదువు. అగ్రహారపు చేలల్లో దున్నింది, ఊడ్చింది, కొబ్బరికాయ దింపింది వేరే కులాలవారు. వాళ్ల పిల్లలకు చాలాకాలం ఏ చదువూ దక్కలేదు. 1911లో ఇదే కోనసీమలో, మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న తన 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు బడికి వెళ్లడమే కథగా చేశాడు. ఒక ఇంట్లో పన్నెండేళ్ల చదువుకు తీరిక దొరికిందంటే, ఇంకో ఇంట్లో పసివాడు పశువుల వెంట తిరిగాడు. ఈ రెండూ కలిస్తేనే అగ్రహారపు చరిత్ర.

20వ శతాబ్దంలో ఈ ఏర్పాటు కింది నుంచి కదిలింది. 1929 నాటి శారదా చట్టం బాల్యవివాహాలను నిషేధించింది. వేదం చదివే ఇళ్ల మధ్య చిన్ననాటనే కుదిరే సంబంధాలకు చట్టం ఆమోదం పోయింది. 1948లో మద్రాసు రాష్ట్రపు ఎస్టేట్ల రద్దు చట్టం, 1956లో ఆంధ్ర ఇనాముల రద్దు చట్టం వచ్చాయి. 1973లో భూపరిమితి చట్టం తోడైంది. కౌలు రాబడి మీద నడిచిన ఇళ్లకు జీతం అవసరమైంది. జీతానికి ఇంగ్లీషు చదువు కావాలి. ఏడేళ్ల పిల్లవాణ్ని తండ్రి సంతకు కూర్చోబెట్టాలా, అమలాపురం బడికి పంపాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఒకే తరంలో తేలిపోయింది. అన్నదమ్ముల్లో ఒకణ్ని వేదానికి ఉంచి, మిగతావాళ్లను కాకినాడ, రాజమండ్రి, హైదరాబాదు చదువులకు పంపిన కుటుంబాలున్నాయి. ఒక్కణ్నీ ఉంచనివీ ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆకలి తీర్చలేని చదువును పిల్లల నెత్తిన పెట్టమని ఏ తండ్రినీ అడగలేం.

కోనసీమ వేదకుటుంబాల సంగతి బయటి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది. 1975లో కేరళలోని పాంజాళ్‌లో నంబూద్రి బ్రాహ్మణులు చేసిన అగ్నిచయనాన్ని ఫ్రిట్స్ స్టాల్ బృందం చిత్రీకరించడంతో అది ప్రపంచానికంతటికీ తెలిసింది. గోదావరి లంకల్లో కెమెరాలు లేకుండా యాగాలు చేస్తున్న ఇళ్లను పట్టించుకున్నవారు తక్కువ. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ నైప్ దశాబ్దాల పాటు ఇక్కడికి వచ్చిపోతూ, పది కుటుంబాల్లో నాలుగు తరాల జీవితాన్ని నమోదు చేసి 2015లో 'వేదిక్ వాయిసెస్' అనే గ్రంథం ప్రచురించాడు. పండితులతో పాటు వాళ్ల భార్యలు, పిల్లలు చెప్పుకున్న మాటలకు చోటివ్వడం ఆ పుస్తకం గొప్పదనం. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవజాతి మౌఖిక వారసత్వంగా ప్రకటించి, 2008లో ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది. వెయ్యికి పైగా ఉండిన వేదశాఖల్లో పదమూడే మిగిలాయని చెబుతూ, ముప్పులో ఉన్నవాటిగా మహారాష్ట్ర, కేరళ, కర్ణాటక, ఒరిస్సా సంప్రదాయాలను పేర్కొంది. ఆంధ్ర పేరు అందులో లేదు. అది రావలసిన పేరే.

ఇంటి అధ్యయనం సన్నగిల్లిన కొద్దీ సంస్థలు ముందుకొచ్చాయి. తిరుమల తిరుపతి దేవస్థానం పారాయణదారులకు నెలజీతం ఏర్పాటు చేసి, వేద పాఠశాలలు నడుపుతోంది. కేంద్ర ప్రభుత్వం 1987లో ఏర్పరచిన సాందీపని వేదవిద్యా ప్రతిష్ఠానం గురుశిష్య పరంపరకు సాయం చేస్తోంది. తిరుపతిలో 2006లో వేద విశ్వవిద్యాలయం వెలిసింది. వీటివల్ల పాఠం నిలిచింది, తిండికి లోటు లేని చదువు దొరికింది. తండ్రికి వేదం రాని ఇళ్ల పిల్లలూ చేరగలుగుతున్నారు. ఇది తక్కువ మేలు కాదు. పలు జిల్లాల పిల్లలు ఒకచోట చేరి ఒకే గురువు దగ్గర నేర్చుకున్నప్పుడు ఒక్కో ఊరికి, ఒక్కో ఇంటికి ఉండే చిన్నచిన్న పలుకుబళ్లు అరిగిపోవడం మాత్రం తప్పదు.

అంతకన్నా పెద్ద తేడా చదువు ముగిశాక తెలుస్తుంది. ఘన పూర్తిచేసిన కుర్రాడికి హైదరాబాదు గుళ్లలో, విదేశాల్లోని తెలుగువారి ఆలయాల్లో కొలువు దొరుకుతుంది. ఎనభై రెండు పన్నాలూ అతని నోట్లో భద్రంగా ఉంటాయి. మూడు అగ్నులు పెట్టుకోవాలంటే సొంత ఇల్లు, ఆవు, కర్మ తెలిసిన భార్య, రెండు పూటలా కదలకుండా ఉండే తీరిక కావాలి. అద్దె ఇంట్లో, నెలజీతం మీద, బదిలీలున్న ఉద్యోగంలో అది కుదరదు. అందుకే కోనసీమలో వేదం చదివినవారికన్నా ఆహితాగ్నులు వేగంగా తగ్గిపోయారు. వయసు మళ్లిన ఆహితాగ్ని పోయినప్పుడు ఆయన అగ్నులు, యజ్ఞపాత్రలు ఆయనతోనే చితికి చేరతాయి. కొడుకు ఆధానం చేయదలిస్తే అరణితో కొత్తగా నిప్పు పుట్టించుకోవలసిందే.