కంచు అనిపించుకున్న ఇత్తడి: చైనా ధూపపాత్రల కథ

కంచుకూ ఇత్తడికీ గల తేడా మన ఇండ్లలో పెద్దగా చెప్పవలసిన పని లేదు. రాగిలో తగరము కలిపితే కంచు. తుత్తునాగము, అనగా జింకు, కలిపితే ఇత్తడి. చైనాలో మాత్రము “తుంగ్” అనే ఒక్క మాటే రాగికీ, కంచుకూ, ఇత్తడికీ కూడ చెల్లుతుంది. ఇక యూరపు సేకరణదారులు అక్కడి పాత ధూపపాత్రలన్నిటినీ “బ్రాంజి” అనటానికే అలవాటు పడినారు. బ్రాంజి అంటే కంచు. కాని మింగు కాలము చివరనుండి వచ్చిన పాత్రలలో పెక్కింటిని పరీక్షిస్తే బయటపడేది ఇత్తడియే. ఇది కేవలము మాటల తగాదా కాదు. పాత్ర వయస్సును తేల్చటములో ఈ తేడాయే ముఖ్యమైన సాక్ష్యము.

అసలైన కంచు ధూపపాత్రలు కావలెనంటే హాన్ వంశపు కాలానికి పోవలెను. క్రీ. పూ. 113లో మరణించిన ల్యూ షెంగ్ అనే రాజకుమారుని సమాధిని హోపె రాష్ట్రములోని మాన్‌చెంగ్ వద్ద 1968లో త్రవ్వినారు. అందులో బంగారు రేకులు పొదిగిన కంచు ధూపపాత్ర ఒకటి దొరికినది. దాని మూత పర్వతాకారములో ఉన్నది. శిఖరాల నడుమ రంధ్రములున్నవి. లోపల ధూపము వెలిగిస్తే కొండలను మేఘములు చుట్టుకున్నట్లు కనిపిస్తుంది.

అయితే సేకరణదారుల నోట ఎక్కువగా వినిపించేది దీని పేరు కాదు, “షువాన్-ద” పాత్రల పేరు. ఇవి సామాన్యముగా పొట్టివి, గుండ్రని పొట్ట గలవి, మూత లేనివి. లోపల మెత్తని బూడిద నింపి, రగిలిన బొగ్గును అందులో పూడ్చి, పైన అభ్రకపు రేకు పెట్టి, దానిమీద సుగంధపు చెక్క ఉంచేవారు. ఇందువల్ల పొగ లేకుండ వాసన మాత్రము వచ్చేది.

వీటి పుట్టుకను గురించి ప్రచారములో ఉన్న కథ ఇది. షువాన్-ద చక్రవర్తి (పాలన 1425–1435) కొలువుకు సయాము రాజు వేల కొలది జిన్‌ల లోహము కానుకగా పంపినాడట. (ఒక జిన్ ఇంచుమించు 600 గ్రాములు.) 1428లో చక్రవర్తి దానిని పలుమార్లు, శ్రేష్ఠమైన వాటికి 12 మార్లు, కరిగించి శుద్ధి చేయించి, మూడు వేలకు పైగా పాత్రలు పోయించినాడట. ఈ వివరములన్నీ ఒక గ్రంథములో ఉన్నవి. దానిని కూర్చినవాడు ల్యూ చెన్ అనే మంత్రి అని ఆ గ్రంథమే చెప్పుకుంటుంది.

చిక్కు ఇక్కడనే ఉన్నది. ల్యూ చెన్ 1426లోనే మరణించినాడు! చనిపోయిన రెండేండ్లకు ఆయన గ్రంథము వ్రాయటము ఎట్లు? ఫ్రెంచి పండితుడు పాల్ పెలియో 1930ల దశాబ్దిలో ఈ సంగతి ఎత్తి చూపి, గ్రంథము తరువాతి వారి కల్పన అన్నాడు.

గ్రంథము నమ్మదగనిదైనప్పుడు లోహమునే అడుగవలెను. జింకు 907 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే ఆవిరి అవుతుంది. దాని ఖనిజమును బొగ్గుతో కాల్చి లోహము రాబట్టటానికి ఇంతకంటె ఎక్కువ వేడి కావలెను. కాబట్టి లోహము ద్రవముగా కాక ఆవిరిగా బయటికి వచ్చి, గాలి తగలగానే తెల్లని భస్మమై పోతుంది. అందుచేత పూర్వులు జింకు లోహము చేత పట్టకుండనే ఇత్తడి చేసినారు: రాగి ముక్కలు, ఖనిజము, బొగ్గుపొడి మూసలో మూసి కాల్చితే ఆవిరి రాగిలోనికి ఎక్కుతుంది. ఈ పద్ధతిలో జింకు సుమారు 28, 30 శాతము దాటటము కష్టము. అంతకు మించి ఉన్నదంటే విడిగా తీసిన జింకును కలిపినారని అర్థము. ఆవిరిని గాలి తగలనీయక చల్లబరచే విద్య మన రాజస్థానములోని జావర్ కార్మికులకు శతాబ్దుల క్రిందటనే తెలుసు. చైనాలో జింకు తీసే విధమును 1637లో అచ్చయిన సుంగ్ యింగ్-షింగ్ గ్రంథము వివరిస్తున్నది. చైనా నాణెములు ఇత్తడికి మారినది కూడ 16వ శతాబ్దిలోనే. కాబట్టి షువాన్-ద ముద్ర ఉన్న పాత్రలో జింకు 35 శాతముంటే ఆ ముద్రను శంకించవలసినదే.

తుత్తునాగమనే మన మాటకు చుట్టమైన “టూటెనాగ్” అనే పేరుతోనే చైనా జింకు తరువాత ఓడలకెక్కినది. 1745లో స్వీడను తీరములో మునిగిన గోథెబోర్గ్ అనే ఓడలో ఈ సరకున్నది.

అయితే జింకు తక్కువైనంత మాత్రాన పాత్ర పాతదని తేలిపోదు. పాత ఇత్తడిని కరిగించిన ప్రతిసారీ కొంత జింకు తెల్లని పొగగా ఎగిరిపోతుంది; మరల కలపకపోతే శాతము తగ్గుతుంది. ఇక పైపూత ఉన్న చోట ఎక్స్‌రే పరీక్ష చేస్తే లోపలి లోహము సంగతి సరిగా తెలియదు. గీరి చూడటానికి సొంతదారులు ఒప్పుకోరు, అది సహజమే.

పాత్ర అడుగున “మహా మింగు, షువాన్-ద కాలమున చేసినది” అని ఆరు అక్షరముల ముద్ర ఉంటుంది. 1635లో వెలువడిన పెకింగు నగర వర్ణన గ్రంథములోనే నకిలీ పాత్రల ప్రస్తావన ఉన్నది. పోత పోసిన ఊళ్లను బట్టి వాటిని వేరు చేసి చెప్పినారు కూడ. ఆ తరువాత చింగు వంశపు కాలమంతా ఈ ముద్ర కొట్టుతూనే ఉన్నారు. అందరి అంగీకారము పొందిన అసలు షువాన్-ద పాత్ర నేటికీ ఒక్కటియు లేదు. నకిలీలలో మాత్రము చక్కనివి ఎన్నో ఉన్నవి. వాటిని పోసిన పనివారు తమ పేర్లకు బదులు ఆ చక్రవర్తి పేరే చెక్కినారు.