యాక్సెంచర్‌కి పుట్టిల్లు ఒక ఆడిట్ ఫర్మ్: ఆర్థర్ ఆండర్సన్ కథ

హైదరాబాద్‌లో బీటెక్ అయ్యాక జాబ్ కోసం తిరిగిన ఎవరికైనా యాక్సెంచర్ పేరు తెలుసు. నాలాంటి వాళ్ళం దాన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీ అనే అనుకుంటాం. కానీ దాని పుట్టిల్లు లెక్కలు చూసే ఆడిట్ ఫర్మ్. ఆ పుట్టిల్లు కూలిపోయింది. అందులో అమెరికాలోనే సుమారు 28,000 మంది ఉద్యోగులు, ప్రపంచమంతా కలిపితే 85,000 మంది.

షికాగోకి వెళ్దాం. ఆర్థర్ ఆండర్సన్ నార్వే నుంచి వలస వచ్చినవాళ్ళ అబ్బాయి. పదహారేళ్ళకే అమ్మానాన్న ఇద్దరూ పోయారు. ఒక కంపెనీలో ఉత్తరాలు అందించే కుర్రాడిగా చేరి, పని చేసుకుంటూనే చదివి, 1908లో 23 ఏళ్ళకి సీపీఏ అయ్యాడు. మన సీఏ లాంటిది అనుకోండి. 1913లో సొంత ఫర్మ్ పెట్టాడు. మొదట్లోనే ఒక రైల్వే కంపెనీ తమకి కావాల్సినట్టు లెక్కల మీద సంతకం పెట్టమంటే, క్లయింట్ పోయినా పర్లేదని కుదరదు అన్నాడట. ఇది ఆ ఫర్మ్‌లో తరతరాలుగా చెప్పుకున్న కథ. ఈ కథ గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇక అక్కడ ఉద్యోగం ఎలా ఉండేదంటే... కాలేజీ నుంచి నేరుగా ఫ్రెషర్స్‌ని తీసుకుని తమ పద్ధతిలో తయారు చేసేవాళ్ళు. 1970లో షికాగో దగ్గర సెయింట్ చార్ల్స్ అనే ఊళ్ళో మూతపడిన ఒక కాలేజీ క్యాంపస్ కొని ట్రైనింగ్ సెంటర్ చేశారు. ఏ దేశం ఆఫీసులో చూసినా ఒకేలా మాట్లాడతారని బయటివాళ్ళు వీళ్ళని 'ఆండ్రాయిడ్లు' అని వెక్కిరించేవాళ్ళు. మన ఫోన్లు పుట్టకముందు మాట ఇది!

మెట్లు నాలుగు: స్టాఫ్, సీనియర్, మేనేజర్, పార్ట్‌నర్. పార్ట్‌నర్ అంటే జీతగాడు కాదు, లాభంలో వాటాదారు. తన సొంత డబ్బు కూడా ఫర్మ్‌లో పెడతాడు. ఆ మెట్టు ఎక్కడానికి పదేళ్ళు పైనే పట్టేది. రూల్ ఒక్కటే, పైకి ఎక్కు, లేదా బయటికి నడు. అలా బయటికి నడిచినవాళ్ళు ఎక్కడికి పోతారు? చాలామంది క్లయింట్ కంపెనీల అకౌంట్స్ విభాగాల్లోకే. అంటే రేపు నువ్వు ఆడిట్ చేయబోయేది నీ పాత సీనియర్ రాసిన లెక్కల్నే. నాకైతే అసలు సమస్య ఇక్కడే మొదలైందనిపిస్తుంది.

మధ్యలో మన సాఫ్ట్‌వేర్ వచ్చింది. 1954లో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ జీతాల లెక్కని యూనివాక్ కంప్యూటర్ మీదికి ఎక్కించారు. ఆ పని చేయించింది ఆండర్సన్ వాళ్ళే. వ్యాపారానికి కంప్యూటర్ వాడటంలో తొలి ఉదాహరణల్లో అదొకటి. రానురాను ఆడిట్ కంటే కన్సల్టింగ్ బాగా సంపాదించింది. 1989లో దాన్ని వేరు యూనిట్ చేశారు, ఆ తర్వాత అన్నదమ్ముల పంపకాల గొడవే. కేసు తేలాక 2001 జనవరి 1న కన్సల్టింగ్ వాళ్ళు యాక్సెంచర్ అని పేరు మార్చుకున్నారు. టైమింగ్ చూడండి, అదే ఏడాది అక్టోబర్‌లో ఎన్రాన్ బండారం బయటపడింది.

హ్యూస్టన్‌లోని ఎన్రాన్ నుంచి 2000లో ఆండర్సన్‌కి వచ్చిన ఫీజు 5.2 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా ఆడిట్‌ది కాదు, వేరే సేవలది. ఎన్రాన్ చీఫ్ అకౌంటింగ్ ఆఫీసర్ రిచర్డ్ కాసీ పాత ఆండర్సన్ మనిషే. ఈ లెక్కలు తప్పు అని లోపలినుంచి అభ్యంతరం చెప్పిన నిపుణుడు ఒకాయన ఉన్నాడు, పేరు కార్ల్ బాస్. ఎన్రాన్ అడిగిందని 2001 మార్చిలో ఆయన్ని ఆ పని నుంచి తప్పించారు. రైల్వే కథ గుర్తుందిగా?

అక్టోబర్ 23 నుంచి హ్యూస్టన్ ఆఫీసులో కాగితాలు ముక్కలు ముక్కలు చేశారు, మెయిల్స్ డిలీట్ చేశారు. పాత కాగితాలు తీసేయడం మా పాలసీయే అన్నారు. 2002 మార్చిలో ప్రభుత్వం కేసు పెట్టింది, మనుషుల మీద కాదు, మొత్తం ఫర్మ్ మీదే. క్లయింట్లు వరసగా వెళ్ళిపోయారు. జూన్ 15న దోషి అని తీర్పు. ఎన్రాన్ ఫైలు ముఖం కూడా చూడని సీనియర్లు, నిన్న మొన్న చేరిన ఫ్రెషర్లు వేరే ఫర్మ్‌ల తలుపులు తట్టాల్సి వచ్చింది. కొన్ని ఊళ్ళలో ఆఫీసుకి ఆఫీసే పోటీ ఫర్మ్‌లోకి మారిపోయింది. పార్ట్‌నర్లు పెట్టిన డబ్బు గోవిందా.

2005 మే 31న అమెరికా సుప్రీంకోర్టు జడ్జిలందరూ ఒక్కమాట మీద ఆ తీర్పు కొట్టేశారు. జ్యూరీకి చట్టాన్ని సరిగ్గా వివరించలేదని కారణం చెప్పారు. అప్పటికి ఆ ఫర్మ్‌లో ఆడిట్ చేసేవాళ్ళు ఎవరూ లేరు. పాత దావాలు చూసుకునే కొద్దిమంది మాత్రం మిగిలారు.